అయిదుగురిలో ఒకడికే నీడ

మా మనవరాలు సూర్యాపేటలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి బొమ్మలు ఆడిస్తుంది. దాని ఉద్యోగమే అది. కంప్యూటర్‌లో ఒక పిల్లవాణ్ణి గీసి, వాణ్ణి నడిపించి, గెంతించి, ఏడిపించి, మళ్లీ నవ్విస్తుంది. మొన్న పొద్దున నేను వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే దాని గదిలోంచి బల్ల మీద గుద్దిన చప్పుడు వచ్చింది. వెళ్లి చూస్తే తల పట్టుకుని కూర్చుంది. "మూడు రోజులైంది నానమ్మా, ఈ నీడ కుదుర్తలేదు. లైటింగ్ పెట్టిన, నీడ పెట్టిన, అయినా వీడు నేల మీద నిలబడ్డట్టే లేడు, గాలిలో తేలుతున్నడు," అంది. కళ్లజోడు సవరించుకుని వంగి చూశాను. పిల్లవాడు ముద్దుగానే ఉన్నాడు. నీడ మాత్రం కాళ్ల కింద పరిచిన నల్లగుడ్డలాగా ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే నలుపు. "కాళ్ల కాడ గట్టిగ ఉంచు, పోంగ పోంగ పల్చగ చెయ్. కొస మసకబారాలె," అన్నాను. అది నన్ను అనుమానంగా చూసి, ఏదో నొక్కి, ఏదో లాగింది. పిల్లవాడు టక్కున నేల మీదికి దిగాడు. "నీకెట్ల తెలుసు?" అని నోరు వెళ్లబెట్టింది. నాకెట్లా తెలుసో చెప్పాలంటే ఒక పూట చాలదు. తిరిగి వచ్చి చిక్కుడుకాయల ముందు కూర్చున్నాను గానీ, ఆ పూట కూర మాడబెట్టాను.

ఆ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. మా అత్తగారిది తోలుబొమ్మలాట ఇల్లు. తుంగతుర్తి వైపున్న మా పుట్టిల్లూ అదే. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, వెలుతురు పారేంత పల్చగా చేసి, బొమ్మలు కోసి, రంగులు వేసి, చేతులకూ కాళ్లకూ కీళ్లు కట్టి, తెల్లగుడ్డ తెరకు వెనక నుంచి ఆనించి పట్టుకుంటాం. మా వెనక ఆముదం దీపం వెలుగుతుంది. తెర ముందు కూర్చున్నవాళ్లకు రంగుల బొమ్మ కనపడుతుంది, మేము కనపడం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింటి చుట్టూ ఉన్న ఊళ్లు తాతల నాటి నుంచీ మా మామవి. అంటే అక్కడ ఇంకో మేళం వచ్చి తెర కట్టరాదు. నేను కాపురానికి వచ్చేసరికి ఇలాకా అంతా గడబిడగా ఉంది. పొద్దుగూకితే దీపం పెట్టాలంటే భయం. రెండేళ్లు బొమ్మలు పెట్టెలోనే ఉన్నాయి, మేము తెర గుడ్డలు కుట్టుకుంటూ కూర్చున్నాం. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది. వానల కోసం పెళ్లికథ ఆడించడం అక్కడ ఒక పెద్ద రైతు ఇంటి రివాజు. మా మామ ఆ కబురు విని చిన్నపిల్లవాడిలాగా పెట్టె తెరిచి ఒక్కొక్క బొమ్మనూ తుడిచాడు.

పెళ్లికథ అంటే స్వయంవరం కథ. పేర్లెందుకు, మీకు తెలిసిందే. రాజకుమారి దండ పట్టుకుని వస్తుంది. ఎదురుగా ఒకే పోలికతో అయిదుగురు వరులు. నలుగురు దేవతలు వేషం మార్చుకుని వచ్చినవాళ్లు, ఒక్కడు ఆమె మనసుపడ్డ మనిషి. దేవతలకు నీడ పడదు, మనిషికి పడుతుంది. నీడ చూసి ఆ అమ్మాయి తనవాణ్ణి గుర్తుపడుతుంది. మా మేళంలో ఆడబొమ్మలన్నిటికీ గొంతు మా అత్తదే. ముప్పై ఏళ్లుగా ఆ ఘట్టం పాడింది. "నీడ చూసితి, నా వాని చూసితి" అన్న అర్థం వచ్చేట్టు మామ కట్టిన పాట అది. ఆమె పాడితే ముసలివాళ్లు కూడా ముక్కు చీదేవారు. కానీ తెర మీద నీడ ఎక్కడిది? అయిదు బొమ్మలూ ఈతముళ్లతో గుడ్డకు గుచ్చి ఉంటాయి, అయిదూ ఒక్క తీరుగా వెలుగుతుంటాయి. నీడ ఉందని అత్త పాడేది, జనం నమ్మేవారు. అంతే.

ఆ ఏడు అత్త కళ్లకు మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది. ఏళ్లతరబడి ఆముదం పొగలో మగ్గిన కళ్లు. దీపం చూస్తే కళ్లలో సూదులు గుచ్చినట్టుందని చెయ్యి అడ్డం పెట్టుకునేది. మిర్యాలగూడ కబురు వచ్చిన రోజు జొన్నరొట్టె చేస్తూ చేస్తూ నాతో అంది: "ముప్పై ఏండ్ల సంది సూసిన సూసిన అని పాడుతున్న పిల్లా. ఏం సూసిన? మన్నా మశానం. కండ్లు ఖతం అయ్యేలోపల ఒక్కసారి గా నీడ సూడాలె. ఎన్క నుంచి కాదు, జనం లెక్క ముంగట కూసోని సూడాలె." రొట్టె తిప్పడం మరిచిపోయింది. మా ఇళ్లలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆటగాళ్లు తెర ముందు కూర్చోరాదు, కూర్చుంటే చెయ్యి పడిపోతుందని కట్టు. మా మామ దాన్ని దేవుడి ఆనగా చెప్పేవాడు. నేను తెర వెనక పుట్టి, తెర కిందే పడుకుని పెరిగిన దాన్ని. పద్దెనిమిదేళ్లు వచ్చినా ఒక్క ఆట ముందు నుంచి చూసి ఎరగను. నమ్మకం ఉందని కాదు, భయం ఉంది.

అత్త నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. అడిగింది కదా, చేసి పెడదామనుకున్నాను. అంతే, అక్కడి నుంచి మొదలైంది నా పరేషాన్. సూర్యాపేటలో మేముండే కిరాయి ఇంటి వెనక గదిలో, పట్టపగలు, కిటికీకి గొంగడి కప్పి, తలుపు బిగించి, లోపల దీపం వెలిగించి తెర కట్టాం. ఎండాకాలం, ఊపిరాడని గది, ఆముదం వాసన. నేను వెనక నుంచి బొమ్మ పట్టుకునేదాన్ని. మా ఇంటాయన ముందు నిలబడి ఎట్లా ఉందో చెప్పేవాడు. ఆట కాదు కదా, మేళం లేదు కదా, అందుకని ముందు నిలబడితే తప్పులేదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నేను వెళ్లి చూద్దామంటే బొమ్మ పట్టుకునే పని ఆయనకు రాదు. గొంతు, మద్దెల ఆయనవి. చేతులు మాత్రం గరిటె కూడా సరిగా పట్టలేవు.

మొదట వరుడి బొమ్మ కాళ్లకే నల్లతోలు ముక్క ఒకటి కుట్టాను. "బాగ లేదు," అన్నాడు ముందు నుంచి. "ఏం బాగ లేదు?" "ఏమో, బాగ లేదు." ఆ మనిషితో అదే తంటా. ఏం కనపడుతోందో చెప్పమంటే చెప్పడం రాదు. నాలుగుసార్లు గుచ్చి గుచ్చి అడిగితే, తారు తొక్కిన మనిషిలాగా ఉన్నాడు అన్నాడు. సరే, బొమ్మను గుడ్డకు ఆనించకుండా కొంచెం ఎడంగా పట్టి చూశాను. రంగులు పోయి, బొమ్మ ఉబ్బిపోయి తెరంతా కమ్ముకుంది. "దయ్యం లెక్కున్నడు," అన్నాడు. రెండో దీపం పెట్టాను. అయిదుగురికీ రెండేసి నీడలు పడ్డాయి, దేవతలకు కూడా. అప్పటికి నా కోపం నషాళానికి ఎక్కింది. దీపం ఆర్పేసి, చెంగుతో మొహం తుడుచుకుంటూ, దేవతలే వచ్చి పెళ్లి చేసుకోనీ, నాకేంటని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

కోదాడలో పెళ్లిళ్లకు దీపాలు కిరాయికిచ్చే పెద్దాయన ఒకడు మా ఇంటాయనకు తెలుసు. ఆయన దగ్గరికి వెళ్లి ఈయన పెట్రోమాక్స్ ఒకటి తెచ్చాడు. ఆ పెద్దాయన కూడా ఏదో పని మీద సూర్యాపేట వచ్చి మా గది గుమ్మంలో నిలబడ్డాడు. "దీని ముందు మీ ఆముదం దీపం ఏం ఆనుతుందమ్మాయ్! పట్టపగలు చేసి పెడుతుంది, చూడండి," అని పంపు కొట్టి వెలిగించాడు. పగలే చేసింది, మహాతల్లి. నెలరోజులు కూర్చుని వేసిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అన్నీ ఉతికిన చీరలాగా వెలిసిపోయాయి. బుస్సుమనే ఆ చప్పుడులో మా ఇంటాయన గొంతే నాకు వినపడలేదు. పైగా తెర మీద బొమ్మ నీడ కాదు, నా నీడ పడిందట, జడతో సహా. గుమ్మంలో పెద్దాయన ఒకటే నవ్వు. "వరుడి పక్కన మీరే నిలబడ్డారమ్మా!" అన్నాడు. నవ్వాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అవతల గదిలో అత్త ఒక్కో గోడ తడుముకుంటూ మంచినీళ్ల కుండ దగ్గరికి పోతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె కళ్లు నాకోసం ఆగుతాయా?

ఇదంతా చాలదన్నట్టు మామ అడ్డం తగిలాడు. నీడకని ఒక మేకతోలు ముక్కను గీకకుండా దళసరిగానే ఉంచి, దీపం మసీ తుమ్మజిగురూ కలిపి పట్టించి, పొడుగ్గా మనిషి ఆకారంలో కోశాను. అది చూసి ఆయన భగ్గుమన్నాడు. "వెలుతురు పారని తోలు బొమ్మ ఎట్లయితది? అది పీనుగ. పీనుగను తెరకు ఆనిస్తవా?" అన్నాడు. మాకు బొమ్మ అంటే ప్రాణమున్న మనిషే. చిరిగిపోతే మూసీలో విడిచి స్నానం చేసి వస్తాం. కాబట్టి ఆయన కోపంలో తప్పేమీ లేదు. గోడ వారగా కూర్చున్న అత్తే అంది: "నా కండ్లు పోయినంక నీ ఆచారం నాకు తొవ్వ సూపిస్తదా?" మామ చుట్ట అంటించుకుని బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, అది పెట్టెలో బొమ్మల పక్కన ఉండరాదని మాత్రం చెప్పాడు. అందుకని ఆ నీడ నా చీరల మూటలో ఉండేది. ఉన్న మూడు చీరలకూ మసి అంటుకుని, ఆ ఏడంతా నేను కుంపట్లోంచి లేచి వచ్చినదానిలాగా తిరిగాను.

ఆ నల్లతోలును వెదురుబద్దకు కట్టి, బొమ్మ కాళ్ల దగ్గర తెరకు ఆనించి పట్టుకున్నాను. "బాగ లేదు." ఇంకొంచెం పక్కకు. "బాగ లేదు." మళ్లీ ఆముదం దీపమే. మళ్లీ అదే చెమట. ఎన్ని రోజులో లెక్క లేదు. ఒక మధ్యాహ్నం మణికట్టు లాగేసి, పట్టు సడలి, బద్ద వాలిపోయింది. నీడ కాళ్లవైపు కొస తెరకు ఆనే ఉంది, తల వైపు కొస మాత్రం తెరను వదిలి దీపం వైపు జరిగింది. ముందు నుంచి చడీ చప్పుడూ లేదు. "ఏమైంది? ఉన్నవా పోయినవా?" అని అరిచాను. "కదలకు," అన్నాడు. గొంతు మారింది. "గట్లనే ఉంచు. వాడు నిలబడ్డడు." కాళ్ల దగ్గర ముదురుగా, దూరం పోయేకొద్దీ మసకగా, మా గుమ్మం ముందు పొద్దుటి ఎండలో పడే నీడలాగానే ఉందట. దీపం రెపరెపలాడితే నీడ కూడా ఊపిరి తీస్తోందట. ఆయన జన్మలో అన్ని మాటలు ఒక్కసారి చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

మిర్యాలగూడకు ఎడ్లబండి మీద వెళ్లాం. దీపాలు పెట్టే వేళకే జనం చాపలు పరుచుకుని నిండిపోయారు. రెండేళ్ల తర్వాత చీకట్లో జనం భయం లేకుండా కూర్చోవడం నేను చూసింది ఆ రోజే. స్వయంవరం ఘట్టం వచ్చేముందు అత్త నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పాడు," అంది. మామ మద్దెల పక్కన మొహం తిప్పుకున్నాడు. అత్త కొంగు నెత్తి మీదికి లాక్కుని, తెర పక్క నుంచి తడుముకుంటూ ముందుకు వెళ్లి, ఆడవాళ్ల మధ్య కూర్చుంది. నా గొంతు పాత తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది. అయినా పాడాను. పాడుతూ ఎడమచేత్తో నీడను మూడో బొమ్మ కాళ్లకు ఆనించి, తలవైపు కొసను మెల్లగా దీపం వైపు వాల్చాను. తెర మీద నా ఎడమ పక్కకు అది సాగింది. అవతల ఎవరో ఆడమనిషి, "నీడ! అగో, వాని నీడ!" అని కేక పెట్టింది. జనమంతా ఒక్కసారి హోరుమన్నారు. అత్త చూసింది, ఇక చాలనుకున్నాను.

ఆట అయ్యాక అత్త వెనక్కి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నా బుగ్గలు పుణికి, "సూసిన పిల్లా. కుడి దిక్కుకు పడ్డది. ఎంత సక్కగ పడ్డది!" అంది. నాలో ఏదో తెగిపోయింది. నీడ పట్టుకున్నది నేను. నా ఎడమచేత్తో పట్టుకున్నాను. అది ఎడమకు పడింది, కుడికి కాదు. అంటే అత్తకు కనపడలేదు. జనం కేకలు విని, నన్ను చిన్నబుచ్చకూడదని చూశానంటోంది. ఎండాకాలమంతా ఆ గదిలో ఉడికింది ఎందుకు? ఆలస్యం చేశాను, నా చేతకానితనం వల్ల ఆమె కళ్లు నా నీడ కంటే ముందే వెళ్లిపోయాయి. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. "మంచిదత్తా," అని ఊరుకున్నాను. మా ఇంటాయనతో కూడా ఆ కుడి ఎడమల మాట చెప్పలేదు. అత్తను నలుగురిలో అబద్ధాలకోరును చేయడం ఇష్టం లేకపోయింది. అత్తకు బొత్తిగా కనపడుతలేదు, ఇక బండి ఎక్కించి తిప్పడం పాపం అని మాత్రం చెప్పాను. ఆయన తలూపాడు.

దసరా ముందు కోదాడలో ఆట కుదిరింది. బండి కడుతుంటే అత్త చీర మార్చుకుని వచ్చింది. "నేను పాడ. ముంగట కూసుంట, అంతే. ఇంకొక్కసారి సూస్త," అంది. "కూసోని ఏం సూస్తవత్తా? పొగకు కండ్లు మండుతయ్. ఇంటికాడనే ఉండు," అన్నాను. మంచిగానే అన్నాననుకున్నాను, కానీ నా గొంతులో ఆ పాత కోపం ఉంది. "నాకు కనపడుతది బిడ్డా. తెర ముంగట కూసుంటే దీపం గుచ్చదు, మంచిగ కనపడుతది," అంది. నేను వినలేదు. కళ్లు పోయినవాళ్లందరూ అనే మాటే కదా అనుకున్నాను. బండి కదిలేటప్పుడు వెనక్కి చూశాను. గుమ్మంలో కూర్చుని, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని బండివైపే చూస్తోంది. బండి చప్పుడు వింటోంది కాబోలు అనుకున్నాను. ఆ చలికాలం జ్వరం తగిలి, నాలుగు రోజులకే పోయింది.

తర్వాత మామ కూడా పోయాడు. బొమ్మల పెట్టెను పెనపహాడ్ వైపున్న చుట్టాలు తీసుకున్నారు. మా ఇంటాయన గోడల మీద అక్షరాలు రాసే పని పట్టాడు. మేమిక ఆటవాళ్లం కాము కాబట్టి తెర ముందు కూర్చోవచ్చు. కోదాడలో ఆ చుట్టాల ఆట ఉందంటే, కొడుకును ఒళ్లో పెట్టుకుని నేను మొదటిసారి ముందు వరుసలో కూర్చున్నాను. ఆట మొదలైంది. ఎప్పుడూ తెర ఎడమ నుంచి ప్రవేశించే హాస్యగాడి బొమ్మ కుడివైపు నుంచి గెంతుకుంటూ వచ్చింది. నాకు ఒళ్లు మండింది. "వీండ్లకు రివాజు తెల్వదా? వాణ్ణి కుడి దిక్కు నుంచి తెస్తున్నరేంది?" అన్నాను. మా ఇంటాయన పడీ పడీ నవ్వాడు. "పిచ్చిదానా, మనం ఎన్క లేము. ముంగట కూసున్నం. గాడ ఎడమ అయితే గీడ కుడి," అన్నాడు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఒళ్లో పిల్లవాడు తెర వైపు చేతులు చాపుతున్నాడు. నాకు ఆట కనపడ్డం మానేసింది.

చూసింది. మా అత్త చూసింది. నేను ఎడమచేత్తో పట్టుకున్న నీడ ఆమెకు కుడి పక్కకే పడింది. పడినచోటే చెప్పింది. ఇంకొక్కసారి చూస్తానంటే, కనపడే కళ్లను కనపడవని చెప్పి గుమ్మంలో కూర్చోబెట్టి వెళ్లిపోయాను. పుట్టినప్పటి నుంచీ తెర వెనకే ఉన్నదాన్ని, ఎదుటివాళ్లకు లోకం ఎటు కనపడుతుందో ఎన్నడూ తట్టలేదు. తెర ఇవతలికి వచ్చి కూర్చోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అత్త ఒక్క ఏడాది కూడా ఆగలేదు.